అమలాపురంలో విండోస్ 11 వేయించుకునేవాళ్ళూ, జాగ్రత్త!

ఆ షాపు ఏదో మీకు తెలుసు. సిస్టమ్ కొన్నా, రిపేరొచ్చినా సగం కోనసీమ అక్కడికే పోతుంది. పేరు రాస్తే పరువు నష్టం అంటారు కాబట్టి రాయను. నా ఇన్నేళ్ళ పని తుడిచిపెట్టుకుపోతే మాత్రం అది ఏ నష్టం కిందా రాదట!

నాది ఇంట్లోనే డీటీపీ పని. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, గుడి కమిటీ కరపత్రాలు. అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. 2019లో కొన్న సిస్టమ్, ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్, ఒకటే హార్డ్‌డిస్క్. సి లో విండోస్, డి లో నా బతుకు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయిందని తెర మీద ఒకటే నోటీసులు. సరే 11కి మారదామంటే ఈ పీసీకి అర్హత లేదంటుంది. మూఢం కదా, పెళ్ళి పనులు లేవు, చేయిస్తే ఇప్పుడే చేయించాలని తీసుకెళ్ళి ఇచ్చాను.

కౌంటర్‌లో కుర్రాడికి నోటితో చెప్పడమే కాదు, 'డి డ్రైవ్ ముట్టుకోవద్దు' అని ఎర్ర స్కెచ్‌పెన్‌తో చీటీ రాసి సీపీయూకి అంటించాను. "నాకు తెలీదా అక్కా, అప్‌గ్రేడే కదా, ఒక్క ఫొటో కూడా పోదు" అన్నాడు.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నీలం పువ్వు బొమ్మతో తెర భలే ఉంది. ఫైళ్ళ కోసం చూస్తే సి ఒక్కటే. డి లేదు. సి లోనే 'మూవీస్' అని కొత్త ఫోల్డర్ ఒకటి, తెరిస్తే కిందికి జరుపుతున్నకొద్దీ సినిమాలు. ఫోన్ చేశాను. "అవి మా తరఫున ఫ్రీ అక్కా, కొత్తగా వేసినప్పుడు అందరికీ ఎక్కిస్తాం" అన్నాడు, నేనేదో థ్యాంక్స్ చెప్పడానికి చేశాననుకుని.

సీపీయూ ఆటోలో వేసుకుని మళ్ళీ షాపుకి పోయాను. కుర్రాడు తల దించుకున్నాడు. ఓనరు గారు కుర్చీలోంచి లేవలేదు.

"ఆయ్, కొత్త విండోస్ కావాలన్నారు, వేశామండి. పాత ఇల్లు పడగొట్టకుండా కొత్త ఇల్లు లేస్తుందా ఎక్కడైనా?"

"నేను సున్నం వేయమన్నానండీ, పునాదులు తవ్వమనలేదు" అన్నాను. పక్కన ఫోన్ కవర్లు చూస్తున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. బిల్లు వెనక్కి తిప్పి, కళ్ళజోడు పెట్టుకున్నా కనబడని అక్షరాల్లో ఉన్న ఒక లైను మీద వేలు పెట్టాడు. డేటాకి వాళ్ళ బాధ్యత లేదట. "ముఖ్యమైనవైతే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలమ్మా. చదువుకున్నవాళ్ళే ఇలాగుంటే ఎలాగ?"

నా చీటీ సీపీయూకి ఇంకా అలాగే అంటుకుని ఉంది. పీకి ఆయన ముందు పెట్టాను. చదివాడు. చదివి, పెన్ను తీసి, ఆ ఎర్ర అక్షరాల పక్కనే నా బాకీ లెక్క వేశాడు. "ఇంకా మూడొందలు ఇవ్వాలమ్మా మీరు." ఇచ్చాను కూడా! నా మర్యాదకి దండేసి దణ్ణం పెట్టాలి.

హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడు విని ముందుగా అన్న మాట, "అత్తా, వెంటనే ఆపేసెయ్, దాని మీద ఇంకేమీ కాపీ చెయ్యకు". పార్టిషన్లు, అంటే సి, డి అని చేసుకున్న భాగాలు, డిలీట్ చేసినంత మాత్రాన హార్డ్‌డిస్క్‌లో ఫైళ్ళు అప్పుడే చెరిగిపోవట, వాటి చిరునామాలే పోతాయి. వేరే ఫైళ్ళు వచ్చి ఆ చోటు మీద పడితేనే అసలైన నాశనం. అంటే ఆ ఫ్రీ సినిమాలు లేకపోతే నా ఫైళ్ళు చాలావరకు దక్కేవి. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వాడు కొన్ని లాగాడు గానీ పేర్లు లేవు, ఉత్త నంబర్లే. సగం తెరుచుకోవు. చిప్పులతో చేసిన కొత్తరకం డిస్క్, ఎస్‌ఎస్‌డీ అయితే ఆ మాత్రం ఆశ కూడా ఉండదన్నాడు, డిలీటైన చోటుని అదే ఖాళీ చేసేసుకుంటుందట.

కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం. మా ఊరి కరపత్రం ఏటా పాత ఫైల్లోనే తేదీ మార్చి, కొత్త దాతల్ని చేర్చి ఇచ్చేదాన్ని. ఇప్పుడా దాతల పేర్లన్నీ మొదటినుంచి కొట్టాలి. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అన్నది ఒక్క లైను తేడా వస్తే ఊళ్ళో ఏమవుతుందో కోనసీమవాళ్ళకి నేను చెప్పాలా.

వాళ్ళ ఘనకార్యం అక్కడితో అయిపోలేదు. నాది అసలు లైసెన్సు ఉన్న విండోస్ హోమ్. వీళ్ళు క్రాక్ చేసిన, అంటే లైసెన్సు లేకుండా దొంగదారిలో నడిచే ప్రో వేశారు. ఆ క్రాక్ కోసం విండోస్ సెక్యూరిటీలో వైరస్‌లని ఎప్పటికప్పుడు పట్టే రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆపేసి వదిలేశారు. సెక్యూరిటీ అప్‌డేట్లు రావట్లేదని తీసుకెళ్తే ఉన్న తలుపు కూడా తీసేసి పంపారన్నమాట. మళ్ళీ హోమే వేసి ఉంటే లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అయ్యేది.

ఇంతా చేస్తే అసలు పని ఎంతనుకున్నారు? నా ప్రాసెసర్ విండోస్ 11కి సరిపోయేదే. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, విండోస్ 11 అడిగే టీపీఎం అనే సెక్యూరిటీ ఏర్పాటు ఆఫ్‌లో ఉంది, అంతే. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అంటారు. అది ఆన్ చేస్తే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ నుంచే 11 ఉచితంగా ఎక్కుతుంది, ఫైళ్ళు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. నచ్చకపోతే పది రోజుల్లోపు 10కి వెనక్కి కూడా వెళ్ళొచ్చు. అసలంత తొందర కూడా లేదు. ఇళ్ళలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైనిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే దానికి పైసా కట్టక్కర్లేదు.

మీరు చేయించుకునే పనైతే ముందు ఫైళ్ళన్నీ బయట హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూసుకుని, దాన్ని ఇంట్లోనే ఉంచండి. షాపువాడు 'అప్‌గ్రేడ్' అంటే ఫైళ్ళు ఉంచే అప్‌గ్రేడా, ఫార్మాటా అని అడిగి బిల్లు మీదే రాయించండి. చీటీలు అంటిస్తే ఏమవుతుందో చూశారుగా. లాప్‌టాప్ ఉన్నవాళ్ళు బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి, అది అడిగినప్పుడు లేకపోతే ఫైళ్ళు కళ్ళెదుటే ఉన్నా తెరవలేరు. ఇంకోటి, అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోకూడదు. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.