ఐ-130 నుంచి ముంబై ఇంటర్వ్యూ దాకా: స్పౌజ్ గ్రీన్‌కార్డు దారిపై ఒక సమీక్ష

ఇండియాలో ఉన్న భార్యనో భర్తనో గ్రీన్‌కార్డు మీద అమెరికా తీసుకెళ్లాలంటే మూడు కౌంటర్లు దాటాలి: యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ), నేషనల్ వీసా సెంటర్ (ఎన్‌వీసీ), ముంబై కాన్సులేట్. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు. మొదటి కౌంటర్లో దొర్లిన తప్పు అక్కడ ఎవరి కంటా పడకుండా జారిపోయి, ఏడాది తర్వాత మూడో కౌంటర్లో బయటపడొచ్చు. కాబట్టి మూడింటినీ కలిపి ఒకే మార్కు వేయడం కుదరదు.

ముందు డబ్బు లెక్క. కుటుంబసభ్యుల కోసం స్పాన్సర్ వేసే మొదటి ఫారం ఐ-130. ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. ఇవి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు, వేసే రోజున సైటులో మళ్లీ చూసుకోండి. ఎన్‌వీసీ దగ్గర వీసా దరఖాస్తుకు 325, అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్‌కు (వచ్చేవాళ్లను పోషిస్తానని స్పాన్సర్ ఇచ్చే హామీ పత్రం) 120. వీసా చేతికొచ్చాక ఇమిగ్రెంట్ ఫీజు 235. ఆన్‌లైన్ దారిలో మొత్తం 1,305 డాలర్లు. మెడికల్, టీకాలు, పీసీసీకి (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) 500 రూపాయలు, ముంబై రానుపోను ఖర్చులు దీనికి అదనం. లాయరు తప్పనిసరి కాదు. పాత అరెస్టు, గతంలో వీసా గడువు దాటి ఉండిపోవడం, ఎప్పుడో తప్పుడు సమాచారం ఇచ్చిన చరిత్ర ఉంటే మాత్రం లాయరుకు పెట్టిన డబ్బు దండగ కాదు. ఇవేవీ లేనివాళ్ల దగ్గర కన్సల్టెన్సీలు తీసుకునేది ఫారాలు టైపు చేసినందుకే. టైపు వాళ్లది, కింద సంతకం మీది.

ఎవరు స్పాన్సర్ చేస్తున్నారన్నదాన్ని బట్టి ఈ సేవ వేగం మారిపోతుంది. అమెరికా పౌరుల భార్యాభర్తలు ఇమ్మీడియట్ రెలెటివ్ కిందకు వస్తారు, వాళ్లకు వీసా నంబర్ల క్యూ లేదు. స్పాన్సర్‌ది గ్రీన్‌కార్డే అయితే ఎఫ్2ఏ అనే పరిమిత కోటా, ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకుంటూ కూర్చోవాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఈ దారిలో అసలు స్పాన్సర్ చేయలేరు. ఎఫ్2ఏలో ఉండగా స్పాన్సర్‌కు పౌరసత్వం వస్తే కేసు పైమెట్టు ఎక్కుతుంది, నాచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ పంపిస్తే చాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎఫ్2ఏలో పిల్లలు తల్లితోపాటు అదే కేసులో వస్తారు. ఇమ్మీడియట్ రెలెటివ్‌లో అలా రారు, ఒక్కో బిడ్డకూ విడిగా ఐ-130 వేయాలి. ఆ సంగతి తీరా ఇంటర్వ్యూ దగ్గరికొచ్చాక తెలిస్తే తల్లి వీసా సిద్ధంగా ఉంటుంది, పిల్లాడి కేసు ఇంకా మొదటి కౌంటర్లోనే ఉంటుంది.

యూఎస్‌సీఐఎస్ ఆన్‌లైన్ ఖాతా బాగుంది. సగంలో ఆపి మళ్లీ వచ్చి నింపొచ్చు, రసీదు నంబరు త్వరగా వస్తుంది, అదనపు ఆధారాలు అడిగితే అక్కడే అప్‌లోడ్ చేయొచ్చు. ఇద్దరివీ రెండంగుళాల చదరపు ఫొటోలు, స్పాన్సర్ పౌరసత్వ రుజువు, పెళ్లి సర్టిఫికెట్, గతంలో పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ కావాలి. వీటితోపాటు జీవిత భాగస్వామి వివరాల ఫారం ఐ-130ఏ కూడా ఉండాలి. జీవిత భాగస్వామి విదేశంలో ఉంటే దాని మీద సంతకం అక్కర్లేదు గానీ వివరాలన్నీ నింపాల్సిందే.

మన కేసులను పట్టి పీడించేది పేర్లు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద ఆ పేరు మొత్తం ఇంటిపేరైపోతుంది, అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అనే మూడక్షరాలు కూర్చుంటాయి. గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు అన్నింటా అవే మూడక్షరాలు వెంటపడతాయి. మందు ఒకటే: ఐ-130 వేయకముందే పేరు రెండు గడుల్లోకి సర్దించి పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోవడం. వేశాక మార్చుకుంటే మూడు కౌంటర్లలోనూ వివరణ ఇచ్చుకుంటూ తిరగాలి.

రెండోది పెళ్లి తేదీ. ముహూర్తం తెల్లవారుజామున రెండున్నరకు ఉంటే శుభలేఖలో ‘శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం’ అని ఉంటుంది. రిజిస్ట్రార్ దగ్గర ఒక తేదీ రాసి, ఫారంలో ఇంకోటి రాస్తే చూసేవాళ్లకు అవి రెండు వేర్వేరు పెళ్లిళ్లు. సర్టిఫికెట్‌లో ఏ తేదీ ఉందో ప్రతి ఫారంలోనూ అదే రాయండి. శుభలేఖ తేడాకు ఒక్క వాక్యం వివరణ జతచేస్తే సరిపోతుంది. ఇక తిరుమలలోనో అన్నవరంలోనో ఆర్యసమాజంలోనో ఇచ్చిన పత్రం ఒక్కటీ చాలదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన సర్టిఫికెట్ కావాలి.

పెళ్లి నిజమని చూపించే ఆధారాల్లో ఎక్కువ పెడితే ఎక్కువ లాభం అనుకోవడం భ్రమ. ఆల్బమ్‌లోని నాలుగు వందల ఫొటోలూ పంపితే ఎవరూ చూడరు. ఇరవై చాలు: జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు, రెండు వైపుల పెద్దలు ఒకే ఫ్రేములో, పెళ్లి తర్వాత వేర్వేరు నెలల్లో కలిసి ఉన్నవి. ప్రతి ఫొటో కింద తేదీ, ఊరు, ఎవరెవరో రాయాలి. దూరంగా ఉంటున్న జంటకు విమాన టికెట్లు, పంపిన డబ్బు వివరాలు, బీమాలో నామినీ పేరు, నెలకు ఒకటి రెండు పేజీల చొప్పున చాట్లు బలం. పెద్దలు కుదిర్చిన సంబంధం అయితే ఎలా కుదిరిందో, ఇద్దరూ ఎప్పుడు కలిశారో ఒక పేజీలో రాసిపెట్టడం మంచిది. తెలుగులో ఉన్న శుభలేఖకు పూర్తి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. రెండు భాషలూ వచ్చిన ఎవరైనా చేసి, ఇది పూర్తి, సరైన అనువాదం అని రాసి సంతకం పెట్టొచ్చు. నోటరీ ముద్ర అక్కర్లేదు.

ఎన్‌వీసీ దయాదాక్షిణ్యం లేనిది, కానీ నియమం ప్రకారమే నడుస్తుంది. కేసు నంబరు రాగానే రెండు ఫీజులూ విడివిడిగా కట్టాలి. అమెరికా బ్యాంకు ఖాతా, రూటింగ్ నంబరు ఉంటేనే కుదురుతుంది కాబట్టి ఆ పని అమెరికాలో ఉన్న స్పాన్సర్‌దే. కట్టినట్టు స్టేటస్ మారాక వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260 తెరుచుకుంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలా అన్న ప్రశ్నకు అక్కడే అవునని పెడితే అమెరికాలో దిగాక ఒక ఆఫీసు చుట్టూ తిరగడం తప్పుతుంది. ఒక్కో పత్రానికి ఒక్కో ఫైలు. వెనకవైపు ముద్ర ఉంటే రెండు వైపులా స్కాన్ చేయాలి. ఒక్క పేజీ తక్కువైనా తిప్పి పంపుతారు, సరిచేసి పెడితే మళ్లీ వరుసలో చివరికే. ఏడాది పాటు ఏ కదలికా లేకుండా వదిలేస్తే కేసునే మూసేయొచ్చు.

ఎక్కువ కేసులు తట్టుకుని పడేది ఐ-864 దగ్గర, అంటే పైన చెప్పిన అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ ఫారం. స్పాన్సర్ ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కల్లో ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్లు. ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇది పెద్ద లెక్క కాదు, కానీ ఇంట్లో ఎంతమంది అన్నదే తప్పు పడుతుంది. అంతకుముందు అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేసి ఉంటే, ఆ బాధ్యత తీరేదాకా వాళ్లూ లెక్కలోకి వస్తారు. అప్పుడు ఇద్దరు కాదు, నలుగురు: 40,187. ఆదాయం చాలకపోతే హైదరాబాద్ ఫ్లాటును చూపొచ్చు. పౌరుల భార్యాభర్తల కేసులో ఆస్తి విలువ లోటుకు మూడు రెట్లుండాలి, ఏడాదిలో అమ్మి డబ్బు చేసుకోగలిగేదై ఉండాలి. విలువ రుజువు చేసే కాగితాల కంటే ఒక జాయింట్ స్పాన్సర్‌ను (స్పాన్సర్‌తోపాటు హామీ ఇచ్చే ఇంకొకరు) పట్టుకోవడం తేలిక. ఆదాయ రుజువుగా అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టండి, ఉచితంగా వస్తుంది. పన్ను రిటర్న్ కాపీ పెడితే కంపెనీ ఇచ్చే జీతం పత్రాలు డబ్ల్యూ-2లు కూడా కావాలి. జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టే చిన్నాన్నకు ఒక మాట ముందే చెప్పాలి: జంట విడిపోయినా ఆ బాధ్యత పోదు.

పుట్టిన సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు లేకపోవడం మామూలే. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో పేరు చేర్పించుకోవాలి. నమోదే కాకపోతే అదే ఆఫీసు నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు టెన్త్ మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్లు. పీసీసీ పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ప్రస్తుత చిరునామా పాస్‌పోర్టులో ఉన్నదానికి వేరైతే పోలీసు విచారణకు సమయం ఉంచుకోండి. పదహారేళ్లు నిండాక వేరే దేశంలో ఏడాదికి పైగా ఉంటే అక్కడి పోలీసు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేసి వచ్చిన కరీంనగర్, కడప వాళ్లు దీన్ని చివరికి వదిలేస్తే కేసు మొత్తం ఆ ఒక్క కాగితం కోసం ఆగుతుంది.

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అని అక్కడికి వెళ్లిపోకండి. ఈ కేసులకు ఎన్‌వీసీ పంపిన లెటర్లో ఏ ఊరుంటే ఆ ఊరే, మనవాళ్లకు మామూలుగా ముంబై. మెడికల్ కాన్సులేట్ జాబితాలోని డాక్టర్ల దగ్గరే చేయించాలి, మన ఫ్యామిలీ డాక్టరు రిపోర్టు చెల్లదు. పాత టీకా కార్డులు తీసుకెళ్తే కొన్ని సూదులు తప్పుతాయి. ఎక్స్‌రేలో టీబీ అనుమానం వస్తే కఫం కల్చర్‌కు రెండు నెలలు పడుతుంది. కాబట్టి ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు కాదు, తేదీ రాగానే వెళ్లాలి. మరీ ముందూ వద్దు, మెడికల్ గడువు తీరే రోజే వీసా గడువూ తీరిపోతుంది. ఇంటర్వ్యూకు అప్‌లోడ్ చేసిన ప్రతి పత్రం ఒరిజినల్ చేతిలో ఉండాలి. ఏదైనా తక్కువైతే 221(జీ) స్లిప్పు ఇస్తారు. అది తిరస్కరణ కింద లెక్కే అయినా, అడిగింది ఇస్తే కేసు మళ్లీ కదులుతుంది.

పెళ్లయి రెండేళ్లు నిండకముందు అమెరికాలో అడుగుపెడితే సీఆర్1, రెండేళ్ల కార్డు. నిండాక అడుగుపెడితే ఐఆర్1, పదేళ్ల కార్డు. రెండో పెళ్లిరోజు నెలలోపే ఉండి, వీసా గడువు ఇంకా ఉంటే టికెట్ ఆ తేదీ తర్వాతకు జరుపుకోండి. విమానాశ్రయంలో అధికారికి పెళ్లి సర్టిఫికెట్ చూపించి ఐఆర్1గా మార్చమని అడగండి. ఈ చిన్న జాగ్రత్తతో రెండేళ్ల కార్డును పదేళ్లదిగా మార్చుకునే ఐ-751 ఫారం, దాని 750 డాలర్లు, మళ్లీ అన్ని ఆధారాలూ కూడబెట్టే పని తప్పుతాయి. రెండేళ్ల కార్డే వస్తే గడువు తీరడానికి ముందున్న 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. ఒక్క రోజు ముందు పంపినా తిప్పి పంపుతారు.