టీడీఆర్ బాండు తీసుకోవచ్చా? రోడ్డు వెడల్పులో స్థలం పోయే తిరుపతివాళ్లకు సమీక్ష

గోడ మీద ఎర్ర గీత పడ్డాక టౌన్‌ప్లానింగ్ సిబ్బంది ఇంటికొచ్చి సమ్మతి పత్రం చేతికిస్తారు. సంతకం పెట్టి స్థలం రాసిస్తే టీడీఆర్ (బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు) బాండు వస్తుందంటారు. పాత ఊళ్లో చాలామంది అది తప్ప వేరే దారి లేదనుకుని సంతకం చేసేస్తున్నారు. దారి ఉంది. బాండు అనేది మీరు ఒప్పుకుంటేనే జరిగే బేరం. ఒప్పుకోకపోతే 2013 భూసేకరణ చట్టం ప్రకారం డబ్బు ఇచ్చి తీసుకోవాల్సిందే.

ముందు బాండు సంగతి. అందులో రూపాయలు ఉండవు, విస్తీర్ణం ఉంటుంది. మామూలుగా అనుమతి దొరికే దానికంటే అదనంగా కట్టుకునే హక్కు అది. సొంత స్థలంలో వాడుకోవచ్చు, బిల్డరుకు అమ్ముకోవచ్చు. కార్పొరేషన్‌కు తిరిగి ఇచ్చి నగదు తీసుకోవడం మాత్రం కుదరదు. వేరేచోట వాడేటప్పుడు స్థలం పోయిన చోటి రిజిస్ట్రేషన్ విలువను, కట్టే చోటి విలువను పోల్చి విస్తీర్ణాన్ని సర్దుతారు. ఖరీదైన చోట వాడితే గజాలు తగ్గుతాయి. కొనే బిల్డరు ఈ లెక్క ముందే వేసుకుని ధర చెబుతాడు. బాండ్లు ఎక్కువగా విడుదలైన కాలంలో ఆ ధర ఇంకా పడిపోతుంది.

కరకంబాడి రోడ్డులోనో ఎయిర్ బైపాస్ రోడ్డులోనో ముందు భాగం పోయినా వెనక మూడు నాలుగు వందల గజాలు మిగిలి, అపార్టుమెంటు కట్టే ఆలోచన ఉన్నవాళ్లకు బాండు మంచిదే. వాళ్లు బాండుకు బదులు సెట్‌బ్యాకుల్లో (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాల్లో) మినహాయింపు ఎంత వస్తుందో కూడా అడిగి చూసుకోవాలి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ముప్పై నలభై గజాల్లో అంగడి నడుపుకునేవాళ్లకు మాత్రం ఇది పనికొచ్చే వస్తువు కాదు. అంగడి పోతుంది, చేతిలో కాగితం మిగులుతుంది, దాన్ని కొనేవాడి కోసం వాళ్లే తిరగాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. 20 గజాలు పోతున్నాయనుకోండి, గజం విలువ 40,000 అనుకోండి. స్థలం 8 లక్షలు. పడగొట్టే గోడలు, స్లాబు విలువను ఇంజినీరు 2 లక్షలుగా కట్టాడనుకుంటే మొత్తం 10 లక్షలు. పట్టణంలో గుణకం (స్థలం విలువను హెచ్చించే అంకె) 1 కాబట్టి ఇది పెరగదు. దీనిమీద నూటికి నూరు సొలేషియం (బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), అంటే ఇంకో 10 లక్షలు. నోటిఫికేషన్ తేదీ నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) దాకా స్థలం విలువ మీద ఏడాదికి 12 శాతం. ఏడాది పట్టిందనుకుంటే 96,000. మొత్తం 20 లక్షల 96 వేలు. మీ కొలతలతో ఈ లెక్క వేసుకుని, బాండుకు బిల్డరు చెప్పే ధరను పక్కన పెట్టి చూశాకే సంతకం మాట.

గజం విలువ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. సబ్‌రిజిస్ట్రారు పుస్తకంలో ఉన్నదే ఆఖరి మాట కాదు. చుట్టుపక్కల గత మూడేళ్లలో రిజిస్టరైన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కూడా తీయాలి. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే లెక్క. ఆ దస్తావేజుల నకళ్లు మీరే తీసి అభ్యంతరంతో జతచేయండి. భూసేకరణ చట్టం సెక్షన్ 11 నోటిఫికేషన్ (ప్రాథమిక ప్రకటన) వచ్చిన 60 రోజుల్లోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. మాటల్లో చెప్పింది ఫైలులోకి ఎక్కదు.

అవార్డు తక్కువైందనిపిస్తే డబ్బు వదులుకోనక్కర్లేదు. ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి తీసుకోండి. ఆ ఒక్క మాట రాయకుండా తీసుకుంటే పెంపు అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు మీరు హాజరై ఉంటే ఆరు వారాల్లోపు సెక్షన్ 64 కింద కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. పరిహారం పూర్తిగా చెల్లించకుండా స్వాధీనం చేసుకోకూడదని సెక్షన్ 38 చెబుతోంది. ముందే తీసుకుంటే మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ రావాలి. ఇంట్లో కొంత భాగం పోయి మిగిలింది ఉండటానికి పనికిరాకపోతే, ఇల్లంతా తీసుకోమని సెక్షన్ 94 కింద అడగొచ్చు. ఇది అడిగేవాళ్లు చాలా తక్కువ.

బాండే తీసుకుందామనుకున్నా పని ఎక్కడ ఆగుతుందో తెలిసి దిగండి. లింకు దస్తావేజులు (పాత యజమానుల నాటివి), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), పన్ను రసీదు, ప్లాను అన్నింట్లో విస్తీర్ణం ఒకేలా ఉండాలి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరూ సంతకం పెట్టాలి. బ్యాంకులో తాకట్టులో ఉంటే వాళ్ల అనుమతి పత్రం కావాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితాలో) ఉంటే దస్తావేజు రిజిస్టరు కాదు, బాండు ఊసే ఉండదు. మఠం భూముల వివాదాలున్న తిరుపతిలో ఇది చిన్న విషయం కాదు, మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదే. గీత కొలతను రోడ్డు మధ్య నుంచి రెండు వైపులా మీ ఎదుటే కొలిపించండి. ఎదురింటివైపు అడుగు తగ్గితే ఆ అడుగు మీ వైపు పెరుగుతుంది. స్కెచ్చి మీద తేదీ, సంతకం ఉన్న నకలు తీసుకున్నాకే గోడ మీద చేయి వేయనివ్వండి.

అద్దెకున్న అంగడివాళ్లకు బాండులో చిల్లిగవ్వ రాదు. ఇది మాకు అన్నిటికంటే బాధ కలిగించే లోపం. భూసేకరణ చట్టంలో అయితే, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే బతుకుతెరువు ఉన్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా అడగడానికి దారి ఉంది. అద్దె రసీదులు, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి.

చిత్తూరు వైపు చిత్తూరు–తచ్చూరు రహదారిలాంటి పనులకు భూమి ఇచ్చేవాళ్లకు దారి వేరు. అది జాతీయ రహదారుల చట్టం. అభ్యంతరానికి 21 రోజులే గడువు, పరిహారం మీద తగాదా మధ్యవర్తి ముందుకు వెళుతుంది. సొలేషియం మాత్రం అక్కడా వర్తిస్తుంది, రాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

బాండుకు మా మార్కులు: వెనక పెద్ద స్థలం ఉండి కట్టబోయేవాళ్లకు అయిదుకు నాలుగు. చిన్న ఇల్లు, చిన్న అంగడి ఉన్నవాళ్లకు ఒకటి.