పెండైన్ ఇసుకలోంచి లేచిన బాబ్స్: నాన్నతో మా ప్రయాణం

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఆయన చేతికి వచ్చిన బళ్ళలో ఎక్కువ లేలాండ్లే. ఈ వేసవిలో ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్‌కి వచ్చారు. లండన్ చూపిస్తానంటే "అవన్నీ టీవీలో చూశాన్లేరా, మంచి పాత బండి ఏదైనా ఉంటే చూపించు" అన్నారు. నాకు వెంటనే బాబ్స్ గుర్తొచ్చింది. 1926లో వేగంలో ప్రపంచ రికార్డు కొట్టిన కారు అది.

ముందు వేబ్రిడ్జ్‌లోని బ్రూక్‌లాండ్స్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. బాబ్స్ అక్కడ లేదు. సంవత్సరంలో కొంతకాలం బ్రూక్‌లాండ్స్‌లో, కొంతకాలం వేల్స్‌లోని పెండైన్‌లో ఉంటుంది. మేం వెళ్ళినప్పుడు పెండైన్‌లో ఉంది. మీరు మాత్రం బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

అయినా బ్రూక్‌లాండ్స్ రోజు వృథా కాలేదు. 1907లో కార్ల పందేల కోసమే కట్టిన ట్రాక్ అది, ప్రపంచంలో ఆ తరహాలో మొదటిది. దాదాపు 30 అడుగుల ఎత్తు వరకు వాలుగా లేచే కాంక్రీటు గోడ కొంత భాగం ఇంకా ఉంది, దాని మీద నడవొచ్చు. నేపియర్-రైల్టన్ అనే కారు దగ్గర నాన్న చాలాసేపు ఆగిపోయారు. 24 లీటర్ల విమానం ఇంజన్, 1935లో ఈ ట్రాక్ మీద గంటకు 143.44 మైళ్ళ రికార్డు. బ్రేకులు వెనక చక్రాలకే ఉన్నాయని చెబితే "ముందు బ్రేకు లేకుండా అంత స్పీడా!" అంటూ వంగి చూశారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇదే మంచి చోటు. కాంకార్డ్ విమానం ఉంది, బస్సులున్నాయి, తిండికి ఇబ్బంది లేదు, రోజంతా గడిచిపోతుంది.

రెండు వారాల తర్వాత పెండైన్ బయల్దేరాం. రెడింగ్ నుంచి ఎమ్4 హైవే పట్టుకుని స్వాన్సీ దాటి, కార్మార్థెన్, సెయింట్ క్లియర్స్, లార్న్ మీదుగా వెళ్ళాలి. మధ్యలో టీకి ఆగుతూ నాలుగున్నర గంటలు పట్టింది. సెయింట్ క్లియర్స్ దాటాక దారి సన్నం, ఎదురుగా ట్రాక్టర్ వస్తే టెన్షనే.

బస విషయంలో దెబ్బతిన్నాం. సముద్రం పక్కనే ఉంటుందని ఒక కారవాన్ (చక్రాల మీది ఇల్లు) అద్దెకు తీసుకున్నాం. హీటర్ పనిచెయ్యలేదు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. జూలైలో కూడా అక్కడ రాత్రి గాలికి వణుకు పుడుతుంది. డెబ్భై ఏళ్ళ మనిషిని పెట్టుకుని అలా ఉండలేక రెండో రాత్రి టెన్బీకి మారాం. అరగంట దూరం, గది వెచ్చగా ఉంది, హోటళ్ళు బోలెడు. శాకాహారులకు పెండైన్‌లో చిప్స్ తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. మాకు పులిహోర కాపాడింది. పెద్దవాళ్ళతో వెళ్తే టెన్బీలో దిగి పెండైన్‌కి పొద్దున్నే రావడం నయం.

బాబ్స్‌ను ఉంచిన పెండైన్ మ్యూజియం, కొత్తగా కట్టి 2023లో తెరిచింది, ఇసుక తీరాన్ని ఆనుకునే ఉంది. గంటన్నరలో చూసెయ్యొచ్చు. మేం మాత్రం మూడు గంటలున్నాం.

బాబ్స్‌ను మొదట కట్టించింది కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ అనే ధనవంతుడు. మొదటి ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో తయారైన లిబర్టీ విమానం ఇంజన్ పెట్టించాడు. 12 సిలిండర్లు, 27 లీటర్లు. ఒక్కో సిలిండరే దాదాపు మూడు మారుతి 800 ఇంజన్లంత! ఆయన 1924లో మోంజా రేసులో చనిపోయాక, పారీ థామస్ అనే ఇంజనీరు ఆ కారును 125 పౌండ్లకు కొన్నాడు. తిరిగి కట్టి బాబ్స్ అని పేరు పెట్టాడు. 1926 ఏప్రిల్‌లో ఈ పెండైన్ ఇసుక మీదే గంటకు 171.02 మైళ్ళు, అంటే 275 కిలోమీటర్లు, ప్రపంచ రికార్డు. మరుసటి ఫిబ్రవరిలో మాల్కమ్ క్యాంప్‌బెల్ ఇక్కడే దాన్ని దాటేశాడు. రికార్డు తిరిగి తెచ్చుకోవాలని థామస్ 1927 మార్చి 3న మళ్ళీ ఇసుక మీదికి వచ్చాడు. కారు పల్టీ కొట్టింది, ఆయన ప్రాణం పోయింది.

విచారణ ముగిశాక కారును అక్కడి ఇసుక దిబ్బల్లో పాతిపెట్టేశారు.

థామస్ అంతకుముందు లేలాండ్ మోటార్స్‌లో చీఫ్ ఇంజనీరు. ఆ మాట చెప్పగానే నాన్న నా వైపు తిరిగి "మన లేలాండా?" అని అడిగారు. మద్రాసు అశోక్ మోటార్స్‌కి 1955లో ఆ పేరు వచ్చింది ఆ కంపెనీ నుంచే అన్నాను. అప్పటినుంచి ఆ కారును చూసే చూపే మారిపోయింది.

కారును పాతిన ఆ దిబ్బలు మిలిటరీ ఫైరింగ్ రేంజ్‌లో కలిసిపోయాయి. ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగ్ లెక్చరర్ అనుమతి సంపాదించి 1969లో తవ్వించాడు. సమాధి లాంటి చోటును కదపడమేమిటని అప్పట్లో అభ్యంతరాలొచ్చాయి. 42 ఏళ్ళు ఉప్పు ఇసుకలో ఉన్న బాడీ రేకును తుప్పు తినేసింది, కింది యంత్ర భాగాలు చాలావరకు నిలబడ్డాయి. పదిహేనేళ్ళు కూర్చుని బాగుచేశాడు, ఇంజన్ మళ్ళీ మోగింది. పాడైన రేకులు కొత్తవే కదా, ఇంకా అది పాత కారేనా అని నాన్నని అడిగాను. "ఛాసిస్ అదే, గుండె అదే. తలుపు మారిస్తే లారీ మారిపోతుందా?" అన్నారు. నాకూ అదే న్యాయమనిపించింది.

చక్రాలకు చైన్‌తో నడిచే బండి అది. చైన్ తెగి తగలడం వల్లే థామస్ పోయాడని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు. తవ్వి తీశాక పరీక్షించినవాళ్ళు వెనక చక్రం విఫలమై ఉండొచ్చని అన్నారు. నాన్న వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, వేలితో గాల్లోనే చైన్ దారి గీస్తూ చూశారు. "చైను ముందు పోయిందా, చక్రం ముందు పోయిందా అనేది పడ్డ బండిని చూస్తేనే తెలుస్తుందిరా. పాతిపెడితే ఎవరికి తెలుస్తుంది? తవ్వినాయన మంచి పని చేశాడు."

సాయంత్రం తీరం మీద నడిచాం. ఏడు మైళ్ళ ఇసుక, ఆటు సమయంలో సిమెంటు చేసినట్టు గట్టిగా ఉంటుంది. మడమతో తొక్కితే చుట్టూ తడి ఒక్క క్షణం ఆరిపోయి మళ్ళీ ఊరుతుంది. ఫైరింగ్ జరిగే రోజుల్లో ఒక పక్కంతా మూసేస్తారు. బోర్డులు, ఎర్ర జెండాలు చూసుకోండి, ఆటుపోట్ల సమయం చూసుకోండి.

ఒక్కరోజే ఉంటే, పిల్లలుంటే బ్రూక్‌లాండ్స్. సౌకర్యాల్లో పెండైన్ దానికి సాటి రాదు. కానీ బాబ్స్ కోసమే వెళ్తే దూరమైనా పెండైనే వెళ్ళండి. కారును చూసి, తలుపు తీసుకుని బయటికొస్తే అది పరుగెత్తిన ఇసుక అక్కడే ఉంటుంది.

నాన్న తిరుగు ప్రయాణం రోజు హీత్రూకి వెళ్తూ బ్రూక్‌లాండ్స్ దగ్గరి బైఫ్లీట్‌లో సెయింట్ మేరీ చర్చి దగ్గర ఆగాం. థామస్ సమాధి అక్కడుంది. నాన్న బూట్లు విప్పి గడ్డిలో కాసేపు నిలబడ్డారు. "లేలాండ్ మేస్త్రి" అన్నారు, అంతే. ఫ్లైట్‌కి ఇంకా మూడు గంటలుంది, నేనూ తొందరపెట్టలేదు.