డిప్రెషన్ అని రాసే ముందు: విశాఖలో డాక్టర్ల బైపోలార్ శిక్షణ ఎలా ఉంది?

మహారాణిపేటలో జనరల్ ప్రాక్టీషనర్ల కోసం పెట్టిన ఈ ఒక్కరోజు శిక్షణకు వెళ్లొచ్చు, ముఖ్యంగా భోజనాలకు ముందు సెషన్ కోసం.

బైపోలార్ అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు వచ్చిపోయే మానసిక జబ్బు. అది ఉన్నవాళ్లు చాలామంది డాక్టర్ దగ్గరికి వచ్చేది దిగులుతోనే. హుషారు మీదున్నప్పుడు ఓపీ చీటీ ఎవరు తీసుకుంటారు? ఆ పాత హుషారు రోజుల సంగతి అడక్కుండా యాంటీడిప్రెసెంట్ ఒక్కటే రాసిస్తే కొందరు మానియాలోకి, అంటే అదుపు తప్పిన హుషారులోకి, వెళ్లిపోతారు. శిక్షకులు దృష్టంతా ఇక్కడే పెట్టారు, మంచి పని చేశారు.

నిద్ర గురించి అడిగే తీరు బాగా నేర్పారు. "నిద్ర పడుతోందా?" అంటే చాలదు. మూడు, నాలుగు గంటలే పడుకుని మర్నాడు అలసట లేకుండా తిరిగిన రోజులున్నాయా అని అడగాలి. నిద్ర పట్టనివాడు పొద్దున్నే నీరసపడతాడు, హైపోమానియాలో (మానియా కన్నా తక్కువ స్థాయి హుషారులో) ఉన్నవాడికి ఆ కాస్త నిద్రే సరిపోతుంది. దానికి వాగుడు, ఖర్చులు, తెగింపు తోడై వరసగా 4 రోజులుంటే హైపోమానియాను అనుమానించాలి. 7 రోజులు సాగి బతుకు అస్తవ్యస్తమైతే, లేదా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, అది మానియా. ఒకరిని గాజువాక స్టీల్‌ప్లాంట్ కార్మికుడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయించారు. నైట్ షిఫ్టులో నిద్ర చెడటం మామూలే కాబట్టి, ఆఫ్ రోజుల నిద్ర సంగతి విడిగా రాబట్టాలి. "మావాడు ఆ నెల మనిషిలా లేడండీ, బండి కొనేశాడు" అని అక్క పాత్ర నోరు విప్పాకే కేసు తేలింది. ఇంట్లోవాళ్లను అడగకపోతే సగం కథ దొరకదు.

బైపోలార్‌ను పసిగట్టడానికి వాడే ఎండీక్యూ (మూడ్ డిజార్డర్ క్వశ్చనేర్) ప్రశ్నావళి దగ్గర మాత్రం నీరుగారిపోయింది. 13 లక్షణాల్లో 7 "అవును" వస్తే పాజిటివ్ అని తేల్చేశారు. అవి ఒకే కాలంలో వచ్చాయా, వాటివల్ల ఓ మోస్తరు ఇబ్బందైనా కలిగిందా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. పైగా అది వడపోతే, నిర్ధారణ కాదు. హైపోమానియా హాయిగా ఉంటుంది, రోగి "ఇబ్బందేమీ లేదు" అని టిక్ పెట్టేస్తాడు. దిగులుతో పాటు హైపోమానియా వరకే ఉండే బైపోలార్ టైప్-2 జారిపోయేది అక్కడే.

ఇలాంటి లక్షణాలే తెప్పించగల థైరాయిడ్, స్టెరాయిడ్లు, మత్తు పదార్థాలు ఒక్క స్లైడులో అయిపోయాయి. గైనిక్ డాక్టర్లూ ఉన్న హాల్లో, ప్రసవం తర్వాత తొలి వారాల్లో పొంచి ఉండే బైపోలార్ ముప్పు గురించి మాటే లేదు. ఇది చిన్న లోటు కాదు.

చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి ఎప్పుడు పంపాలో, టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరుతో సహా కార్డు ఇచ్చారు, బల్ల మీద పెట్టుకోదగ్గది. నెల తర్వాత సొంత కేసులు తెచ్చి చర్చించే పూట ఒకటి కలిపితే ఫీజు ఇంకాస్త పెంచినా ఇవ్వొచ్చు.