30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ రివ్యూ: నీళ్లొచ్చినప్పుడు తన పని తను చేసింది, ఇన్వర్టర్ లైనే తలనొప్పి

బోర్డు నిండా ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే ఆపేసే చిన్న స్విచ్‌లు) ఉన్నాయిగా మళ్లీ ఇదెందుకు దండగ అని ఈ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్, పెట్టించేటప్పుడు మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ఎంసీబీ లోడ్ ఎక్కువైతే పడుతుంది (అంటే దానంతటదే ఆఫ్ అవుతుంది), షార్ట్ అయితే పడుతుంది, అంతే. నీళ్లలోంచో మన ఒంట్లోంచో కాస్త కరెంటు భూమిలోకి పోతుంటే దానికి తెలీనే తెలీదు, ఎందుకంటే మనిషి ప్రాణం పోడానికి యాంపులో పదో వంతు చాలు, 10 యాంప్స్ ఎంసీబీకి అది లెక్కే కాదు. ఆర్‌సీసీబీ ఏం చేస్తుందంటే ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చింది రెండూ సరిచూసుకుంటుంది, 30 మిల్లీ యాంప్స్ తేడా వచ్చిందా 0.3 సెకన్ లోపే రెండు వైర్లూ కట్. షాపులో 100, 300 మిల్లీ యాంప్స్ రకాలు కూడా చూపిస్తారు, అవి లీకేజీ వల్ల మంటలు రాకుండా చూసేవి, షాక్ నుంచి మనుషుల్ని కాపాడాలంటే 30 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, మీద అచ్చేసిన నంబర్ చూసి తీసుకోండి.

ఇక మా ఇంట్లోకి నీళ్లు తెచ్చిన వాన సంగతి. నీళ్లు గుమ్మం దాటి హాల్లోకొచ్చి టీవీ వెనకాల కింద సాకెట్‌లోకి ఎక్కాయో లేదో ఆర్‌సీసీబీ టక్కుమని పడింది. ఎవరూ నీళ్లలో నడుచుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్లే పని లేకుండా పోయింది, దీనికోసమే కొన్నాం అనిపించింది. ఇలాంటప్పుడు మళ్లీ పైకెత్తి చూద్దాం అని చేయి దురద పెడుతుంది, ఎత్తకండి, ముఖ్యంగా కాళ్లు తడిగా ఉన్నప్పుడు అసలు బోర్డు ముట్టుకోకండి.

కానీ చిత్రమేంటంటే అది పడ్డాక కూడా హాల్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది! కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ అందుకుంది మరి. బ్యాటరీ 12 వోల్టులే కదా అనుకుంటాం, కానీ ఇన్వర్టర్ బయటికిచ్చేది 230 వోల్టులు, మెయిన్ దగ్గరున్న ఆర్‌సీసీబీ దాన్ని చూడదు. అంటే ఇంట్లో నీళ్లు, మెయిన్ ఆఫ్, అయినా గోడల్లో కరెంటు ఉంది. మాది స్టాండ్ మీద ఎత్తులో మెట్ల పక్కన ఉంది కాబట్టి పొడి మెట్టు మీద నుంచే ఆపేశాం, నేల మీద పెట్టినవాళ్ల పరిస్థితి ఆలోచించండి. తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి వేరే ఆర్‌సీసీబీ పెట్టారు, అది కూడా ముందు న్యూట్రల్ ఎలా కలిపారో చూసుకున్నాకే. ఊరికే ఒకటి తెచ్చి బిగిస్తే బ్యాటరీ మీద నడిచేటప్పుడు అసలు పడకపోవచ్చు, లేదా ఇన్వర్టర్ న్యూట్రల్ మెయిన్ న్యూట్రల్‌తో కలిసిపోయి ఉంటే ఉత్తపుణ్యానికి పడుతూనే ఉంటుంది.

మైనస్‌లు ఉన్నాయి. ఇల్లంతటికీ ఒక్కటే పెట్టాం కాబట్టి కింద సాకెట్ తడిస్తే పై ఫ్లోర్‌లో ఫ్రిజ్ కూడా ఆగిపోయింది, ఫ్లోర్‌కి ఒకటి ఉండాల్సింది. ముసురు పట్టినప్పుడు గేటు లైటులోకి చెమ్మ చేరి ఒకట్రెండు సార్లు పడింది, దీనికే విసుగొచ్చి పీకించేసేవాళ్లున్నారు, అదేమో నిజంగానే లీకేజీ ఉందని చెప్తోంది పాపం. ఇంకోటి, ఒక చేత్తో ఫేజు ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఇది కాపాడలేదు, దానికి అది మామూలు లోడులాగే కనిపిస్తుంది. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, కరెంటు ఉన్నప్పుడే, లేనప్పుడు నొక్కితే ఏమీ జరగదు.

నీళ్లు తీసేశాక వెంటనే ఆన్ చేయలేదు. మునిగిన సాకెట్లు, స్విచ్‌లు ఆరబెట్టి వాడే రకం కాదు, లోపల బురద ఉండిపోతుంది, మొత్తం మార్పించాం. పైపుల్లో వైర్లని 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు పైపొర కరెంటుని బయటికి పోనివ్వకుండా ఎంత ఆపుతోందో కొలిచే మీటరు) చెక్ చేసి, ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపించిన లైన్ పక్కన పెట్టి మిగతావాటికి కరెంటు వదిలారు.

రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ తగ్గించింది డబ్బాలో వచ్చిన కాగితానికి, బొమ్మలు బోలెడున్నాయి కానీ ఇన్వర్టర్ ఉన్న ఇంటికి ఎలా కలపాలో ఒక్క ముక్క లేదు.