వజ్రమా, గ్రాఫైటా: పరమాణువు ఒకటే, అమరిక వేరు

1797లో రసాయన శాస్త్రవేత్త స్మిత్సన్ టెన్నాంట్ వజ్రాన్ని కాల్చి చూస్తే మిగిలింది కార్బన్ డయాక్సైడ్ వాయువే. అంటే పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ లాగే వజ్రమూ కర్బనమే. తేడా అంతా పరమాణువుల అమరికలో ఉంది.

వజ్రంలో ప్రతి కర్బన పరమాణువూ నాలుగు పొరుగు పరమాణువులతో చతుర్ముఖి (నాలుగు త్రిభుజ ముఖాలున్న) ఆకారంలో ముడిపడుతుంది. బంధ కోణం 109.5 డిగ్రీలు. ఎటు చూసినా బంధాలే కాబట్టి గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 10. స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగలదు, అందుకే విద్యుత్తు పారదు. వేడిని మాత్రం రాగి కంటే దాదాపు 5 రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది.

గ్రాఫైట్‌లో ఒక్కో పరమాణువుకు మూడే బంధాలు. షడ్భుజాలు అల్లుకుని పలుచని పొరలవుతాయి. ఈ మూడు బంధాల్లో చేరని నాలుగో ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది, కాబట్టి విద్యుత్తు పారుతుంది. పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లు, పట్టు బలహీనం. కాగితం మీద రాస్తే పొరలు జారి అంటుకుంటాయి.

గ్రాఫైట్‌ను మెత్తనిదని తీసిపారేయడం నాకు నచ్చదు. పొర లోపలి బంధం పొడవు 0.142 నానోమీటర్లు, వజ్రంలో 0.154. పొట్టి బంధమే గట్టిది! ఆ ఒక్క పొరనే 2004లో భౌతిక శాస్త్రవేత్తలు గైమ్, నోవోసెలోవ్ అంటుకునే టేపుతో ఊడదీశారు, అదే గ్రాఫీన్.

ఇంకో విడ్డూరం: సాధారణ పీడనం వద్ద స్థిరమైన రూపం గ్రాఫైటే. వజ్రం దానిగా మారాలి, కానీ గది ఉష్ణోగ్రత దగ్గర ఆ మార్పు లెక్కలోకి రానంత నెమ్మది.