తాళాన్ని ముక్కలు చేసి దాచాను: కొన్నేళ్లు వాడాక నా మాట

ఒక రహస్యాన్ని ముక్కలు చేసి, వాటిలో కొన్ని కలిస్తేనే తిరిగి వచ్చేలా చేసే షమీర్ లెక్క 1979 నాటిది, లోపల అదెలా పనిచేస్తుందో వదిలేస్తున్నా. నాది స్లిప్-39 రకం, అంటే అదే లెక్కతో చేసిన ఒక్కో ముక్కనూ ఇంగ్లిషు మాటల వరుసగా కాగితం మీద రాసుకునే పద్ధతి. ఐదు ముక్కల్లో ఏ మూడు కలిసినా నా హార్డ్ డిస్క్ తెరుచుకుంటుంది. నాన్న ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు అందులోనే ఉన్నాయి. దీంట్లో నాకు తెగ నచ్చింది తప్పు పట్టుకునే గుణం.

లాప్‌టాప్ చెడిపోతే సర్వీస్ సెంటర్లో మదర్‌బోర్డు మార్చేశారు. డిస్క్ తాళం దాంతోపాటే పోయింది. ఒక ముక్క నా దగ్గరే ఉంది. విజయవాడ నుంచి బావగారు తనది చదివి చెప్పారు. మూడోది దాచిన స్నేహితుడు డాలస్‌లో ఉన్నాడు, కాగితం గుంటూరులో వాళ్లింటి బీరువాలో ఉంది. ఇక వాళ్లమ్మగారే, నేను పిన్నిగారనే ఆవిడే, దిక్కు. ఆవిడకు ఇంగ్లిషు మాటలు పలకడం కష్టం గానీ అక్షరాలు బాగా వచ్చు. స్లిప్-39 వాడే పట్టికలోని 1024 మాటల్లో ఏ రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు, అందుకని మాటకు నాలుగే చెప్పమన్నాను. ఎమ్మో ఎన్నో తేలకపోతే "మామిడికాయ ఎమ్, నిమ్మకాయ ఎన్" అని ఆవిడే సర్దారు. ఒకే తాళం ముక్కలన్నిటికీ మొదటి రెండు మాటలు ఒకటే. అవి నా కాగితంలోవే కావడంతో తీసింది సరైన కాగితమేనని తెలిసింది.

20 మాటలూ అయ్యాయి. అన్నీ పట్టికలో ఉన్నవే. అయినా ముక్కలు కలిపే టూల్ ఒప్పుకోలేదు! ఉత్త షమీర్ లెక్కయితే తప్పు ముక్కకు కూడా ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది, డిస్క్ తెరుచుకోక మనం తల పట్టుకోవాలి. ఇక్కడ చివరి మూడు మాటలు సరిచూడటానికే ఉన్నాయి. వాటి కళ్లుగప్పి తప్పు దాటే అవకాశం 100 కోట్లలో ఒకటి కూడా ఉండదు. మళ్లీ అడిగితే, "మడతలో పడిన వరుస ఆఖర్న చదివాను నాయనా, అన్నీ చెప్పానుగా" అన్నారు పిన్నిగారు. వరుస మార్చగానే తెరుచుకుంది.

అయితే ముక్కలు పంచేటప్పుడు ఇంత నిశ్చింత ఇంకోటి లేదని అందరికీ చెప్పాను, ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఐదో ముక్క పాత సహోద్యోగి దగ్గరుంది, మా మధ్య ఇప్పుడు మాటల్లేవు. ఇచ్చిన ముక్కను రద్దు చేసే దారి లేదు. ఐఫోన్ రికవరీ కాంటాక్ట్‌లో (ఖాతా తెరవలేకపోతే సాయానికి మనం పెట్టుకునే మనిషి) అయితే పేరు తీసేస్తే సరిపోతుంది. నేను మాత్రం కొత్త తాళం పెట్టి డిస్క్ మొత్తం మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి, పాత బ్యాకప్‌లు వెతికి మరీ చెరిపేశాను. కొత్త కాగితాలు పంచడం ఇంకోసారి. అదో పెద్ద పని.

ఊళ్లో ఫోనెత్తే మనుషులు ఉన్నారు కాబట్టి నాకు కుదిరింది. మీ వాళ్లందరూ ఒకే ఇంట్లో ఉంటే ముక్కలు చేసి పెద్ద లాభం ఉండకపోవచ్చు. క్రిప్టో డబ్బున్న వాలెట్‌కు నేను దీన్ని వాడలేదు, దాని సంగతి వాడినవాళ్లే చెప్పాలి.